ఆదిత్య నాయిన

జీతం కోసం సమ్మె చేసినవాళ్ళను మీరు చూసే ఉంటారు. తిండి బాగాలేదని చేసినవాళ్ళనూ చూసుంటారు. నేను పేరు కోసం చేశాను. అదీ ఖతర్‌లో, సంఘం అనే మాట నోరు దాటకూడని చోట. పైగా గెలిచాను. గెలిచిన పాపానికి నా పెళ్ళాం పిల్లను చంకనేసుకుని తల్లిగారింటికి పోయింది.

తొంభై ఆరు ఎండాకాలం. అల్ ఘర్రాఫాలో ఒక ముసలి ఖతరాయన ఇంటికి కొత్త మజ్లిస్ కడుతున్నాం. మజ్లిస్ అంటే మగవాళ్ళు కూర్చుని ఖహ్వా కాఫీ తాగుతూ మాట్లాడుకునే పెద్ద గది. ఏడుగురం. రూము ముఐథర్‌లో, పని ఘర్రాఫాలో. పొద్దున ఐదుకు వ్యాను ఎక్కితే మళ్ళీ దిగేది ఒళ్ళంతా ఉప్పు తేలాకే. నేను వడ్రంగిని. చదివింది ఐదో తరగతి. మిగతాదంతా కోరుట్లలో బీడీ కార్మికుల గోడపత్రికలు అంటించుకుంటూ, అంటించేముందు చదువుకుంటూ నేర్చుకున్నదే.

ఆ ఇంట్లో ఒక్కరినీ అసలు పేరుతో పిలవరు. మనవడు ముహమ్మద్‌ను హమ్మూద్ అంటారు. అబ్దుల్లా అయితే అబ్బూద్, ఫాతిమా అయితే ఫత్తూమ్. మంచి పేరును పట్టుకుని నడుమ నొక్కి చివర సాగదీస్తే వాళ్ళ ముద్దుపేరు తయారు. హమ్మూద్‌కు పాఠాలు చెప్పడానికి ఒక ఈజిప్టు మాస్టారు వచ్చేవాడు. ఆయన తన ఊరి అలవాటు కొద్దీ పిల్లవాణ్ణి 'మీదో' అన్నాడు. లోపలినుంచి నాయనమ్మ అరిచిన అరుపుకు మా నిచ్చెన కదిలింది. మా ఇంటి పిల్లవాణ్ణి మా ఇంటి పేరుతో పిలవాలి, మీ పట్నం పేర్లు మీ పట్నంలో పెట్టుకో అని. అదీ అక్కడ పేర్ల పట్టింపు.

ముసలాయన సొంత పేరు జాసిమ్ అని నాకు కట్టడం పర్మిట్ కాగితం చూస్తేనే తెలిసింది. ఊరంతా ఆయన్ను బూ రాషిద్ అంటుంది. రాషిద్ ఆయన పెద్దకొడుకు. బూ అంటే నాయిన. ఆయన భార్య ఉమ్మ్ రాషిద్, రాషిద్ తల్లి. పెద్దవాళ్ళకు పిల్లల పేర్లు, పిల్లలకు ముద్దుపేర్లు. ఇక మాకా? మాకు ఏది తోస్తే అది.

మా మేస్త్రీ లస్మయ్యకు యాభై రెండేళ్ళు. మీసం సగం నెరిసింది. ఆయన్ను 'లస్సూమ్' చేశారు. ఏడేళ్ళ హమ్మూద్ గేటు పట్టుకుని ఊగుతూ "లస్సూమ్! యా లస్సూమ్!" అని అరిస్తే ఆయన తాపీ ఆపి, "ఆ బిడ్డా," అని పలికేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"లస్మన్నా, నీకు సిగ్గనిపిస్తలేదా? గంత పోరడు నిన్ను లస్సూమ్ అంటుండు."

"ముద్దుగనే అంటుండు కద తమ్మీ."

"ముద్దు పిల్లలకు. నీకు మనుమలున్నరు."

"మా అవ్వ సచ్చినంక నన్ను ముద్దుగ పిలిచినోళ్ళు ఎవ్వలు లేరు," అని మళ్ళీ ఇటుక అందుకున్నాడు.

ఆ మాట దగ్గరే నేను నోరు మూసుకోవలసింది. మూసుకుంటే నేనెందుకవుతాను? "మనుషులను పిల్లల్ని చేసి ఆడించుడు ఇది. రేపు పని బంద్," అన్నాను.

వంటింటి కిటికీలోంచి షమ్సున్నీసా నవ్వింది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వంట ఆమెదే. ఆమె అక్కడ 'షమ్మూస్'. "నిన్నేమని పిలుస్తరు బేటా?" అంది.

"నజ్జార్." నజ్జార్ అంటే వడ్రంగి. అంతే.

"గదే నీ కడుపు మంట. ఈ ఘర్ల ముద్దుపేరు లేనిది ఇద్దరికే. ఒకటి నీకు, ఒకటి ఇస్త్రీపెట్టెకు."

మరునాడు ఏడింటికి ఏడుగురం పనిముట్లు కిందపెట్టి గోడనీడన కూర్చున్నాం. ఫోర్మన్ గౌస్ మొహియుద్దీన్ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మాకూ ముసలాయనకూ మధ్య మాట అటూ ఇటూ మోసేది ఆయనే.

"అరె ఏమైంది? పానీ రాలేదా?"

"పేరు గావాలె," అన్నాను.

"ఏం పేరు?"

"మంచి పేరు. పెద్దమనిషిని పిలిచే పేరు."

"జీతం అడుగు, తర్జుమా చేస్త. ఛుట్టీ అడుగు, చేస్త. దీన్ని అరబీల ఎట్లనాల్నో నాకు తెల్వదు సురేందర్ భాయ్."

ఈలోపు బూ రాషిద్ కిటికీలోంచి మమ్మల్ని చూశాడు. ఏడుగురు మగవాళ్ళు గోడకు చేరగిలబడి ఉంటే ఆయనకు వడదెబ్బ అనుకోవడం తప్ప ఇంకేం తడుతుంది? పావుగంటలో ఒక బిందెడు లబన్, అంటే వాళ్ళ మజ్జిగ, రెండు పుచ్చకాయలు వచ్చాయి. సమ్మె మొదలైన పావుగంటకే యజమాని పుచ్చకాయలు పంపితే ఏ నాయకుడైనా ఏం చేస్తాడు? తిన్నాం. తింటూ సమ్మె కొనసాగించాం.

తర్వాత ముసలాయనే కర్ర పొడుచుకుంటూ వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గౌస్ భాయ్ చెమటలు కక్కుతూ చెప్పాడు. ఆయన గడ్డం నిమురుకుంటూ విని తలూపాడు. అప్పుడు గౌస్ భాయ్ మాకు చెప్పింది ఇది:

"పెద్దాయన ఏమంటుండంటే, మీ మాట సహీ. మా ఇంటోళ్ళ లెక్క ఉన్నోళ్ళను ముద్దుగ పిలుస్తం. దాంట్ల తక్కువజేసుడు లేదు. మీకు గది నచ్చకుంటే మీరు మగోళ్ళు, మగోళ్ళను పిలిచినట్టే పిలుస్తం. ఒక్కొక్కలు పెద్దకొడుకు పేరు చెప్పున్రి."

విజయం! ఇంత తేలిగ్గా వస్తుందని నేను అనుకోలేదు. నినాదం ఒకటి సిద్ధం చేసుకున్నాను, అది నోట్లోనే ఉండిపోయింది.

లస్మయ్య "మల్లేశ్" అన్నాడు. ఆయన బూ మల్లేశ్ అయ్యాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ముఖం పెట్టాడు. రంగులు వేసే ఖుత్బుద్దీన్‌కు పెళ్ళే కాలేదు. దానికీ వాళ్ళ దగ్గర దారి ఉంది. మొదటి కొడుక్కి తాత పేరు పెడతారు కాబట్టి, కొడుకు పుట్టకముందే మనిషికి తన తండ్రి పేరు తగిలిస్తారు. వాడి తండ్రి హమీదుద్దీన్. వాడు బూ హమీద్ అయ్యాడు. "పెండ్లి కాకముందే కొడుకా!" అని అందరూ పకపక నవ్వారు.

నా వంతు వచ్చింది.

నాకు నాలుగేళ్ళ బిడ్డ. స్వర్ణ. ఒక్కతే. కోరుట్ల అంగట్లో మైకు పట్టుకుని, ఆడబిడ్డయినా మగబిడ్డయినా ఒక్కటే అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ మాట విని చప్పట్లు కొట్టిన బీడీ కార్మికుల్లో ఒకామె ఆ తర్వాత నన్ను పెళ్ళి చేసుకుంది. నోటిదాకా స్వర్ణే వచ్చింది. ఆరుగురు పుచ్చకాయ ముక్కలు పట్టుకుని నన్నే చూస్తున్నారు. అందరివీ కొడుకుల పేర్లే.

"ఆదిత్య," అన్నాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ముందటి శుక్రవారం మా ఇంజనీరు ఇంట్లో అల్మారా బిగించాను. వాళ్ళబ్బాయి ఆదిత్య రోజంతా నా సుత్తి దాచిపెట్టాడు. ఆ పేరు చెవిలో అలాగే ఉండిపోయినట్టుంది.

"ఎన్నేండ్లు?"

"నాలుగు." ఆ ఒక్కటీ నిజం.

లస్మయ్య నావైపు చూశాడు. నోట్లోని గింజ ఉమ్మాడు. ఆయనకు నా ఇల్లు తెలుసు, నా బిడ్డ తెలుసు. ఏమీ అనకపోవడమే ఆయన జబ్బు.

*

ఇంజనీరు శ్రీరామమూర్తి గారిది కాకినాడ వైపు. వారానికి రెండుసార్లు కారులో వచ్చి, దిగకుండా అద్దం దించి చూసి పోయేవాడు. ఆ వారం దిగాడు.

"ఏవయ్యా సురేందర్, ఇదేవిటి? బూ ఆదిత్యా అని పిలిస్తే నేను పలుకుతున్నాను, నువ్వూ పలుకుతున్నావు! నీకు కూతురు కదా ఉన్నది?"

"పేరు మీ ఒక్కలదా సార్? లోకంల ఎంతమంది ఆదిత్యలు లేరు?"

"లోకంలో ఉన్నారు. నీ ఇంట్లో లేడు కదా!"

ఆయనకు మండింది. సూటు వేసుకున్నవాడూ సుత్తి పట్టినవాడూ ఒకే పిలుపుకు తల తిప్పడమా? తిన్నగా ముసలాయన దగ్గరికి పోయి, ఆ పేరు నాది, బూ ఆదిత్య నేను అన్నాడు. ముసలాయన నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. న్యాయం చెప్పాడు: వడ్రంగి ముందు చెప్పాడు, పేరు వడ్రంగిది. నీకు ఇంకెవరూ పిల్లలు లేరా?

"పెద్దది ప్రతిమ ఉంది," అన్నాడు శ్రీరామమూర్తి గారు, నసుగుతూ.

"పెద్దదా? మరి పెద్దది ఉండగా చిన్నవాడి పేరెందుకు?" అని ముసలాయన అక్కడికక్కడే ఆయన్ను బూ ప్రతిమ చేసేశాడు. మధ్యాహ్నానికల్లా సిమెంటు లారీ డ్రైవరు కూడా "యా బూ ప్రతిమా, యల్లా!" అని తొందరపెడుతున్నాడు. ఇంట్లో అమ్ము అని పిలిచే ఆ పదేళ్ళ పిల్లకు ఈ సంగతి తెలిసి ఇల్లంతా గంతులేసిందట. తండ్రి టిఫిన్ క్యారియర్ మీద ఆ పేరు రంగుతో రాసిపెట్టింది కూడా.

నేను కడుపుబ్బ నవ్వాను. ఇంజనీరుకు కూతురి పేరు, వడ్రంగికి కొడుకు పేరు! కూతురి పేరు పెట్టుకున్న ఆ మనిషి మీద ఆకాశమేమీ విరిగి పడలేదు. నాకు అప్పుడైనా చెప్పే దారి ఉండింది. చెప్పలేదు.

శ్రీరామమూర్తి గారు కోపం మరోలా తీర్చుకున్నాడు. జూలై మొదటివారం నన్ను దుఖాన్‌కు తోలాడు. అటు చివర, సముద్రపు ఒడ్డున, నూనె బావుల ఊరు. ఏవో క్వార్టర్లకు తలుపులు బిగించాలని వారం రోజుల డ్యూటీ. సరిగ్గా ఆ వారమే లస్మయ్య రెండు నెలల సెలవు మీద ఊరికి పోయాడు.

నేను లేని సంగతి ఉమ్మ్ రాషిద్‌కు తెలియదు. హమ్మూద్‌కు పండగకు కుట్టించిన బట్టలో మిగిలిన ముక్కతో నాలుగేళ్ళ మగపిల్లవాడి కొలతకు ఒక తెల్లటి తోబ్ కుట్టింది. కాళ్ళదాకా జారే పొడుగు అంగీ అది. మెడ దగ్గర సన్నటి దారప్పని కూడా చేసింది. వ్యాను కదిలేముందు షమ్సున్నీసా పరుగెత్తి అది లస్మయ్య సంచిలో పెట్టింది. "బూ ఆదిత్య కొడుకుకు," అంది. ఆయన "సరే అమ్మా," అన్నాడు.

సరే అమ్మా! ఆ మనిషి జీవితంలో ఎవరైనా ఇచ్చిన వస్తువును చెప్పినచోట చెప్పినట్టు అప్పగించకుండా ఉన్నాడా? లేడు.

*

మాకు ఊరి నుంచి, అంటే గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనే ఊరి నుంచి, ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువగా వచ్చేవి. రాయడం రానివాళ్ళందరికీ అదే దిక్కు. నేను దుఖాన్ నుంచి వచ్చాక నా ఇంటి క్యాసెట్ ఒకటి మెట్‌పల్లి మనిషి ఎవరో తెచ్చిచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం, రూములో అందరం అన్నాలు తిని పడుకున్నాం. ఎవరి క్యాసెట్ వచ్చినా అందరూ వినాలని మా రూములో పద్ధతి. ఎవరి ఇంటి ముచ్చటైనా అందరి ఇంటి ముచ్చటే అని నేనే పెట్టిన పద్ధతి. పెట్టినందుకు అనుభవించాను.

ఎప్పుడూ మొదట స్వర్ణ పాట వచ్చేది. ఈసారి గంగామణి గొంతు వచ్చింది. మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుతో పిలవరు. స్వర్ణ పుట్టినప్పటినుంచి నేను ఆమెకు 'స్వర్ణ నాయిన'ను.

"ఆదిత్య నాయినా, మంచిగున్నవా?"

ఖుత్బుద్దీన్ చెయ్యి చాచి సౌండు పెంచాడు.

"నీ కొడుకుకు అంగి అచ్చింది. తెల్లగున్నది, మెడకాడ కుట్టు మస్తు కుట్టిన్రు. నీ కొడుకు దుబాయ్‌ల ఏడున్నడో నాకు తెల్వదు గని, వాని అంగి మాత్రం మా వాకిట్లకచ్చింది. పదిమందిమి కూసొని బీడీలు చేస్తుంటే లస్మన్న నడుమల నిలవడి, సురేందర్ కొడుకు ఆదిత్యకు గాడి సేటమ్మ పంపింది అన్నడు. ఎవల కొడుకు అన్న. సురేందర్ కొడుకు అన్నడు. గాడ అందరు గట్లనే పిలుస్తరా అన్న. పిలుస్తరు అన్నడు. ఎన్నేండ్లంటే నాలుగన్నడు. మన స్వర్ణకు గూడ నాలుగే. ఒక్క యేడాదిలనే ఇద్దరినా? మస్తు పనిమంతునివి."

ఎవరో దిండులో ముఖం దాచుకుని ఊగిపోతున్నారు. వెనకనుంచి మా అమ్మ గొంతు జొరబడింది: "కొడుకా, మనుమని ఫొటో పంపు! ఆమె ఎవలైతేంది, పిల్లగాడు మనోడే కద! నా ముక్కే వచ్చిందా?"

"ఇన్నవా మీ అవ్వ సంబురం?" మళ్ళీ గంగామణి. ఈసారి గొంతులో వెటకారం లేదు. "కొడుకు గావాల్నని నాతోని ఒక్క మాట అనకపోతివి. మైకుల ఒకటి చెప్తివి, మనసుల ఒకటి వెట్టుకుంటివి. నేను మా అవ్వగారింటికి పోతున్న. స్వర్ణను తీస్కపోతున్న. దానికి గూడ ఒక నాయిన ఉండె."

క్యాసెట్ గరగరమని తిరుగుతూనే ఉంది. ఇంకేమీ లేదు. నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు. గౌస్ భాయ్ లేచి టేపు రికార్డరు తనే ఆపాడు.

నేను అదేరోజు జవాబు రికార్డు చేశాను. గంటసేపు మాట్లాడాను. అందులో అరగంట భూస్వామ్యం గురించి. మిగతా అరగంటలో పది నిమిషాలు పుచ్చకాయల గురించి. గంగామణి తమ్ముడు రాసిన ఎయిర్‌మెయిల్ కవరు ఇరవై రోజులకు వచ్చింది. అందులో ఒక్కటే ముక్క: "అక్క ఉపన్యాసం విన్నది. పిల్లగాని తల్లి పేరు చెప్పలేదని అంటున్నది."

*

దారి షమ్సున్నీసా చూపించింది. "నీ మాట నీ బీవీ ఎందుకు నమ్ముతది? పేరు వెట్టినోళ్ళ నోటినుంచే ఇనిపియ్యి. ముందుగాల ఈ ఘర్ల నిజం చెప్పు."

ఆగస్టులో మజ్లిస్ పని అయిపోయింది. నేను చేసిన తలుపు, నేను బిగించిన కిటికీ. సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ముసలాయన కొత్త గదిలో మొదటిసారి కూర్చున్నాడు. చుట్టూ బంధువులు, ఒక మూల శ్రీరామమూర్తి గారు. గౌస్ భాయ్‌ని పక్కన పెట్టుకుని, టేపు రికార్డరు చంకలో పెట్టుకుని నేను వెళ్ళి నిలబడ్డాను.

"చెప్పు," అన్నాను గౌస్ భాయ్‌తో. "నాకు కొడుకు లేడు. ఆదిత్య లేడు. నాకు బిడ్డ ఉన్నది. స్వర్ణ. అబద్ధమాడిన."

ఆయన చెప్పాడు. బూ రాషిద్ ఏదో రెండు మూడు మాటలు అడిగాడు. గౌస్ భాయ్ వాటిని నాకు చెప్పడానికి కొంచెం వెనకాడాడు.

"ఏమంటుండు?"

"నీ బిడ్డ ఏం తప్పు చేసింది, అని అడుగుతుండు."

టేపు రికార్డరును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాను.

ముసలాయన మెల్లగా చెప్పుకుపోయాడు: ఇదే పేటలో బూ మోజా అని ఒకడున్నాడు. మోజా వాడి పెద్దకూతురు. ముగ్గురు కొడుకులున్నా వాణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. వాడికి లేని సిగ్గు నీకెందుకు? ఆయన ఇంకా ఏదో అనబోతుండగా లోపలి తలుపు వెనకనుంచి ఉమ్మ్ రాషిద్ గొంతు లేచింది.

"ఆమె ఏమంటుంది?"

"కళ్ళు పొడుచుకుని మూడు దినాలు కుట్టిన తోబ్ ఏమైందని అడుగుతుంది. మగపిల్లగాని కొలత వెట్టి ఆడపిల్లకు పంపిచ్చినవని తిడుతుంది. నిన్నే. ఇంకా తిడుతుంది. నేను తర్జుమా చెయ్య."

ఆ తిట్లు అయ్యాక టేపు రికార్డరు మధ్యలో పెట్టాను. ముసలాయనకు క్యాసెట్‌లో మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు సవరించుకుని గంగామణికి సలాము చెప్పాడు. ఆమె తండ్రి ఆరోగ్యం అడిగాడు. తల్లి ఆరోగ్యం అడిగాడు. వానలు పడ్డాయా అన్నాడు, మేకలున్నాయా అన్నాడు. అంతా అరబ్బీలోనే. గంగామణి వింటున్నట్టే ఆగి ఆగి మాట్లాడాడు. పావుగంట అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. గౌస్ భాయ్ చెయ్యెత్తగానే గదిలో అందరూ, తలుపు వెనక ఆడవాళ్ళతో సహా, "బూ స్వర్ణ!" అని అరిచారు. మూడుసార్లు.

అప్పుడు ఎవరూ పిలవకుండానే శ్రీరామమూర్తి గారు లేచొచ్చి మైకు దగ్గర వంగాడు.

"అమ్మా గంగామణీ, నమస్కారమమ్మా. నేను ఇంజనీర్ని. ఆదిత్య మా అబ్బాయండీ. మీ ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆదిత్యను నేనే కన్నాను. అంటే, మా ఆవిడ కన్నది. మీ ఆయన మా ఇంట్లో అల్మారా ఒక్కటే బిగించాడమ్మా, అదీ వంకరగా."

చివరి ముక్క అక్కర్లేదు. అయినా చెరపనివ్వలేదు. "సాక్ష్యమంటే పూర్తిగా ఉండాలయ్యా," అన్నాడు. తర్వాత బయటికొచ్చాక చిన్నగా అడిగాడు, "అయితే ఇక నా పేరు నాకొచ్చినట్టేనా?"

"తీస్కోన్రి సార్."

ఆయన కాసేపు కారు తాళంచెవులు ఆడించాడు. "వద్దులే. అమ్ము ఊరుకోదు. క్యారియర్ మీద కూడా రాసేసింది," అని వెళ్ళిపోయాడు.

*

సెప్టెంబరులో, మేమింకా ఆ ఇంట్లో చిల్లర మరమ్మతులు చేస్తుండగా, లస్మయ్య తిరిగొచ్చాడు. గేటు దాటకముందే హమ్మూద్ చూశాడు. సమ్మె, ఒప్పందం, బూ మల్లేశ్, అన్నీ గాలికి పోయాయి. "లస్సూమ్!" అని అరుస్తూ వచ్చి కాళ్ళకు చుట్టుకున్నాడు.

"ఆ బిడ్డా," అన్నాడు లస్మయ్య. నేను చూడనట్టు తలుపు గొళ్ళెం సరిచేస్తూ ఉండిపోయాను.

తర్వాత నా దగ్గరకొచ్చి జేబులోంచి క్యాసెట్ తీశాడు. "నేను ఒక్క అబద్ధం ఆడలే తమ్మీ. ఆమె అడిగిందానికే చెప్పిన."

"అడగందాన్ని గూడ చెప్తే నీ సొమ్మేం పోవునే లస్మన్నా?"

"అడగలే కద," అన్నాడు.

ఈసారి ఒక్కణ్ణే విందామనుకున్నాను. కానీ పద్ధతి పద్ధతే. అందరూ చుట్టూ కూర్చున్నారు.

"సారు మాట ఇన్నం," అంది గంగామణి. "ముసలాయన మాట గూడ ఇన్నం. తెల్వకున్నా ఇన్నం. మేకల సంగతి అడిగిండని లస్మన్న చెప్పిండు. రెండున్నయి అని చెప్పు. అబద్ధమెందుకాడినవో నువ్వు అచ్చినంక అడుగుత, అది క్యాసెట్‌ల తెగేది కాదు. మేము ఇల్లు చేరినం. గని ఈడ ఇంకో పని అయింది. ఆ అంగిని పారేద్దామని గూట్లె వెడితే మన పిల్ల తీసి తొడుక్కున్నది. సరిపోయింది. అప్పటిసంది ఇడుస్తలేదు. అదే ఏసుకోని అంగన్‌వాడీకి పోతంది, అదే ఏసుకోని పంటంది. బీడీలు చేసేకాడ అందరు నవ్వులాటకు ఆదిత్యా, ఆదిత్యా అని పిలిచిన్రు. ఇగ స్వర్ణా అంటే పలుకుతలేదు. మీ అవ్వ గూడ మనుమడా అని ఎత్తుకోని తిరుగుతంది."

చప్పుడు. ఎవరో టేపు రికార్డరు లాక్కున్నట్టుంది. చిన్న గొంతు, మైకును మింగేసేంత దగ్గరగా:

"నాయినా, నేనే ఆదిత్యను. ఉతికితే అంగి పొట్టిగైంది. ఇంకోటి పంపు."

"ఇన్నవు కద," అంది గంగామణి. "ఉంట మరి, ఆదిత్య నాయినా."

ఈసారి ఆ పిలుపులో కారం తక్కువ. లేదని చెప్పను.

మరునాడు నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, షమ్సున్నీసాను నడుమ పెట్టుకుని, ఉమ్మ్ రాషిద్‌ను ఇంకో తోబ్ అడిగాను. కొంచెం పొడుగ్గా కుట్టమన్నాను.

"ఎవరికి?" అంది ఆమె తెర వెనకనుంచి. "నీకు కొడుకు లేడు కదా?"

"ఆదిత్యకు."

"ఆదిత్య ఎవరు?"

"నా కూతురు."

"నీ కూతురు పేరు స్వర్ణ అన్నావు కదా?"

"స్వర్ణే ఆదిత్య."

ఆమె షమ్సున్నీసాతో జాలిగా ఏదో చెప్పింది. షమ్సున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి పెద్ద గ్లాసుతో లబన్ తెచ్చింది.

"ఏమన్నది?" అన్నాను.

"పాపం సర్రూద్‌కు ఎండ తలకెక్కింది, లబన్ పొయ్యి అన్నది." గ్లాసు నా చేతిలో పెట్టింది. "సురేందర్‌ను సర్రూద్ జేసింది. ఇగో, నీకు గూడ అచ్చింది ముద్దుపేరు. ఏం జేస్తవ్? పని బంద్ వెడతవా?"

లబన్ చల్లగా ఉంది. ఇంకో గ్లాసు అడిగాను.